గిన్నెల గడిలో ఎవరి పేరు?

ఇంట్లో దొంగ ఉన్నారని బుధవారం పొద్దున, మోచేతుల దాకా సబ్బు నురగతో సింకు ముందు నిలబడి ఉండగా అతను తేల్చుకున్నాడు.

పోయింది నగలూ నాణేలూ కాదు, అతని తీరిక.

పెళ్ళయిన వారానికే ఇంటి కంప్యూటర్లో పనుల పట్టిక ఒకటి తయారుచేశాడు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తూ ఇంటి పనుల్ని కాగితం మీద రాస్తే ఏం బావుంటుంది? పనికో గడి, గడిలో ఒక పేరు. పట్టికలో ఎవరి పేరుంటే ఆ పని వాళ్ళదే అని తల్లినీ, భార్యనీ కూర్చోబెట్టి ఒప్పించాడు. మొక్కలకు నీళ్ళు పోసే బరువైన బాధ్యత తన పేరున వేసుకున్నాడు. ఉన్నవి రెండు కుండీలు.

సోమవారం లేచి చూస్తే గిన్నెల గడిలో భార్య పేరు పోయి తన పేరు ఉంది. మంగళవారం దానికి ఇస్త్రీ తోడైంది. బుధవారం స్నానాలగది. చట్టం చేసింది తనే కాబట్టి నోరు మూసుకుని తోమాడు, రుద్దాడు, కడిగాడు.

అనుమానం భార్య మీదే. ఆమెదీ ఇదే చదువు. పైగా అతను గిన్నెలు తోముతున్నంతసేపూ గుమ్మానికి ఆనుకుని ఒకటే మురిపెంగా నవ్వడం! కానీ పెళ్ళై నెల తిరగలేదు. ఆధారం లేకుండా నింద వేస్తే ఆ నవ్వు కాస్తా పోతుంది. అంత నష్టం అతను భరించలేడు.

అందుకే బుధవారం సాయంత్రం వల పన్నాడు. మూడు గడుల్లోనూ తన పేరు తీసేసి భార్య పేరు పెట్టాడు. తరువాత ఆ ఫైలుకు అనుమతులు బిగించాడు. చదవడం ఎవరైనా చదవచ్చు, రాయడం మాత్రం అనుమతి లేనివాళ్ళకు కుదరదు. మామూలు ప్రోగ్రాం అయితే, రాయడం కుదరనప్పుడు అక్కడే చతికిలబడుతుంది. కాపలాకి అతను రాసిన ప్రోగ్రాం అలా కాదు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏం రాయబోయి ఆగిపోయారో ఇంకో ఫైల్లోకి ఎక్కించి, పైకి మాత్రం ‘క్షమించండి, రాయడం కుదరలేదు’ అని మర్యాదగా చెబుతుంది.

తల్లి వెనక నుంచి తొంగిచూసింది. “ఆఫీసులో చాల్లేదా? ఇంటికొచ్చి కూడా ఏంట్రా ఆ టకటక?”

“దొంగను పడుతున్నానమ్మా. అనుమతి లేకుండా ఎవరు రాయబోయినా దొరికిపోతారు.”

“అదుగో, మళ్ళీ మొదలెట్టాడు అనుమతుల గోల! ఆ రోజు పెళ్ళి ఫోటోల కింద పేర్లు రాసుకోబోతే నాకు అనుమతి లేదందిగా ఆ డబ్బా? నా ఇంట్లో నాకు!”

ఆ రోజు ఆవిణ్ణి చల్లబరచడానికి అతనికి అరగంట పట్టింది. గుర్తొచ్చి నవ్వుకుని పనిలో పడ్డాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి దొంగల ఫైలు తెరిచాడు. ఒకే ఒక్క పేరు. భార్యది. ఆరూ పదికి.

“దొరికింది దొంగ!” అని అతను పెట్టిన కేకకు, టీ కలుపుతున్న తల్లి వంటింట్లోంచి తల బయటపెట్టింది. భార్య తల తుడుచుకుంటూ వచ్చింది.

“నాలుగు రోజుల నుంచి నీ పనులన్నీ నా నెత్తిన వేస్తున్నావు. ఇదిగో సాక్ష్యం. శిక్ష ఏంటో తెలుసా? నెలంతా గిన్నెలు నీవే!”

ఆమె తువ్వాలు భుజాన వేసుకుని కంప్యూటర్ తెర మీదికి వంగింది. “డిటెక్టివ్ గారూ, పేరు ఒక్కటే చదివారా? ఏం రాయబోయానో కూడా చదవండి.”

చదివాడు. గిన్నెల గడిలో అతని పేరు చెరిపి, తన పేరు రాసుకోబోయింది.

“అదేంటి? రాత్రి అక్కడ నీ పేరేగా ఉంది?”

“పొద్దున నేను చూసేసరికి మీదే ఉంది. నాలుగు రోజులుగా మీరే రాసుకుంటున్నారనుకున్నా... నా మీద ప్రేమకొద్దీ. పాపం, ఇవాళైనా నేను తోముదామని మార్చబోతే కుదరలేదంది. నేను వెనక్కి తీసుకోకుండా తాళం కూడా వేశారని ఎంత మురిసిపోయానో! మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పా, అడక్కుండానే నా పనులన్నీ ఆయన పేరున రాసుకుంటున్నారని.” ఆమె గొంతు కొంచెం చిన్నబోయింది. “అయితే మీరు కాదన్నమాట.”

‘నేనే’ అనేస్తే సరిపోయేది. కానీ ఆ కేకేదో ముందే పెట్టేశాడు.

అతను గబగబా పట్టిక తెరిచాడు. నిజమే. గిన్నెలు, ఇస్త్రీ, స్నానాలగది, మూడూ మళ్ళీ తన పేరునే ఉన్నాయి. దొంగల ఫైల్లో మాత్రం ఇంకెవరి జాడా లేదు.

అప్పుడు వెలిగింది. ఆ ఫైల్లో దొరికేది రాయలేకపోయినవాళ్ళే. రాయగలిగినవాళ్ళ కోసం అతను ఒక్క వాక్యమైనా రాయలేదు. అనుమతుల జాబితా తెరిచాడు. తన పేరు కింద ఇంకొకటి ఉంది. ఫోటోల గొడవ చల్లార్చడానికి, ఏ ఫైలుకూ ఈవిడకు అడ్డు చెప్పొద్దంటూ ఆ రోజు తన చేత్తో తనే చేర్చిన పేరు.

టీ కప్పు అతని ముందు ఠక్కున పెట్టింది తల్లి.

“నీ అంతట నువ్వు రాసుకునే రకం కాదని తెలిసి, కోడలి దగ్గర నీకు కాస్త మంచిపేరు రావాలని నాలుగు రోజులు చీకటితో లేచి రాశాను కదరా, ఒక్క కేకతో అంతా చెరిపేసుకున్నావు!”