పెరటి అక్క

"ఆమె లేదు పాపా. రొయ్యలు అమ్మేదానికి పేటకి పోయుండాది," అన్నాడు పోలేరయ్య, మంచం మీద నుంచి లేవకుండానే.

ప్రత్యూష చెప్పులు విప్పి పంచలోకి వచ్చింది. పొద్దున్నే మద్రాసులో రైలెక్కి, సూళ్లూరుపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ పల్లెకు వచ్చింది. తీరా వస్తే అంకాలమ్మ ఇంట్లో లేదు, మొగుడు పోలేరయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఎప్పుడొస్తుంది?"

"మధ్యాన్నానికి వచ్చేస్తాది. ఏం పని?"

ఫోన్లో 'మన పెరడు' అనే ఆట ఉంది కదా, అది తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చానని చెప్పింది ప్రత్యూష. ఆ ఆటలో అంకాలమ్మను మించినవాళ్లు లేరనీ, ప్రకటనలో ఆమె ఫోటో వేయాలనుకుంటున్నామనీ చెప్పింది. పోలేరయ్య ప్రత్యూషను ఒకసారి చూసి ముఖం సరస్సు వైపు తిప్పుకున్నాడు.

"ఫోటోలా? అట్టాంటియి వద్దులే పాపా."

ఆ మాట అంకాలమ్మ చెప్పాలి కదా అని ప్రత్యూషకు నోటిదాకా వచ్చింది. పరాయి ఇంటికి వచ్చి మగమనిషితో తగవు ఎందుకని ఊరుకుంది.

'మన పెరడు' ఆడవాళ్ల కోసమే అని ప్రకటించి వదిలిన ఆట. విత్తనాలు నాటుకోవాలి, పాదులు పెంచుకోవాలి, పూసినవి పక్కవాళ్లకు పంచాలి. మధ్యలో అరుగు ఉంటుంది. అక్కడ కూర్చుని ఒకరికొకరు రాసుకోవచ్చు. ఆఫీసులో పై అధికారి సుకుమార్‌కు మొదటి నుంచీ ఆ మాట నచ్చలేదు. ఆటకు ఆడా మగా ఏమిటి, అందరినీ రమ్మందాం అంటాడు. ప్రత్యూష ఒప్పుకోలేదు. నెల్లూరులో చిన్నప్పుడు అన్న కంప్యూటర్లో ఆడుకుంటుంటే కుర్చీ వెనక నిలబడి చూడటమే తప్ప, తన చేతికి ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఇది మీ కోసం అని ఎవరో ఒకరు పిలవకపోతే లోపలికి రాని ఆడవాళ్లు ఇంకా ఉన్నారని ఆమె వాదన. అందుకు సాక్ష్యంగా ఆమె ప్రతిసారీ చూపించేది అంకాలమ్మనే.

అంకాలమ్మ పెరడు అంత అందంగా మరెవరికీ లేదు. కానీ ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదకు చేరేది పూల కోసం కాదు. అత్తతో పడనివాళ్లు, బిడ్డ నిలవనివాళ్లు, చెప్పుకునే దిక్కు లేనివాళ్లు అక్కడికి వచ్చి రాసుకునేవాళ్లు. అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు. నిశ్చితార్థం చెడిపోయినప్పుడు ప్రత్యూష కూడా, కంపెనీ మనిషినని చెప్పకుండా, అమ్మతో కూడా అనలేని మాటలు ఆ అక్కకు రాసుకుంది. 'ఏడుపొస్తే ఏడువు. అన్నం మాత్రం మానబాక' అని జవాబు వచ్చింది. ఆ రోజు ఆమె అన్నం తిన్నది.

ఫోటో గురించి వారం కిందట కంపెనీ పేరుతో రాస్తే, 'వద్దమ్మా, ఇంతదూరం రాబాక' అంది అక్క. మొగుడు ఒప్పుకోడేమో అనుకుంది ప్రత్యూష. బహుమతి పంపిన చిరునామా ఆఫీసులో ఉంటే అది పట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు ఆ మొగుణ్ణి కళ్లారా చూశాక ఆ అనుమానం రూఢి అయింది.

పడవలో జారిపడి ఆయన తుంటి విరిగిందట. రెండేళ్లుగా సరస్సులోకి పోయింది లేదట. చెంబుతో నీళ్లిచ్చి, ఆ సంగతి ముక్తసరిగా చెప్పాడు పోలేరయ్య. కిటికీలో ఫోను చార్జింగ్ పెట్టి ఉంది. అక్క ఇంట్లోనే వదిలి పోయినట్టుంది అనుకుంది ప్రత్యూష.

కాసేపటికి ఆయనే అడిగాడు.

"ఆ ఆట మగోళ్లు ఆడకూడదా?"

"ఆడవాళ్ల కోసమే పెట్టాం."

"ఆడితే ఏమవద్ది?"

"మగవాళ్లు ఉన్నారని తెలిస్తే ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడరు. అరుగు ఖాళీ అయిపోతుంది. కష్టం చెప్పుకుంటే ఓపిగ్గా వినే మగవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి?"

మాట కాస్త గట్టిగానే వచ్చింది. పోలేరయ్య చేతికర్ర అందుకుని, దాని పిడిని అరచేత్తో రుద్దుతూ కూర్చున్నాడు. ఇంతమందిని ఓదార్చే మనిషికి ఇలాంటి మొగుడా అని ప్రత్యూషకు అక్క మీద జాలి వేసింది.

"కూడు తిని పో పాపా. ఎప్పుడు బయల్దేరినావో ఏమో," అన్నాడు చివరికి.

ఆకలిగా లేదంది.

ఎండ నడినెత్తికి వచ్చాక అంకాలమ్మ వచ్చింది. ఖాళీ గంప గడప పక్కన దించి, చెమట తుడుచుకుంది. ఒంటి మీద నీలం చీర. పోయిన ఏడు కంపెనీ తరఫున ప్రత్యూష తన చేతులతో ఎంచి పంపించిన చీర అది. ప్రత్యూష ఇక ఆగలేకపోయింది. ఎదురు వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నేను ప్రత్యూషను అక్కా. ఆ రోజుల్లో నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో."

అంకాలమ్మ తెల్లబోయి మొగుడి వైపు చూసింది. పోలేరయ్య తల ఎత్తలేదు. ఆయనకు భయపడుతోందనుకుంది ప్రత్యూష. గబగబా తన ఫోన్లో ఆట తెరిచి, మల్లె పందిళ్లు, బంతి మళ్లు, నిండుగా ఉన్న అరుగు చూపించింది.

"ఫోటో వద్దంటే వద్దక్కా. ఒక్కమాట చెప్పు చాలు. ఇందులో మా అందరికీ అక్కవు నువ్వే కదా?"

అంకాలమ్మ ఫోను వైపు వంగి చూసింది. ఆమెకు విషయం అర్థమైంది. ముఖం మీదకు మెల్లగా నవ్వు వచ్చింది.

"నేను కాదు పాపా, మా ఆయన."