రోజుకు నలభై సార్లు

“నీ వెబ్‌సైట్ మీద ఎవడో పగబట్టిండన్నా,” అన్నాడు శేఖర్, కంప్యూటర్ తెరను జనార్ధన్ వైపు తిప్పుతూ.

జనార్ధన్‌కు దూలపల్లి దారిలో ఫంక్షన్ హాలుంది. దాని వెబ్‌సైట్ ఆగిపోయి రెండు రోజులైంది. శ్రావణం ముందర, పెళ్లివాళ్లు హాళ్లు వెతుక్కునే రోజుల్లో ఆగిపోయింది. అందుకే పొద్దున్నే పేట్ బషీరాబాద్‌లోని శేఖర్ ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. సైటు తయారుచేసిందీ, అద్దె సర్వర్‌లో పెట్టి చూసుకుంటున్నదీ శేఖరే.

“పగేంది? సక్కగ చెప్పు.”

“నెలకు ఐదు జీబీ డేటా దాటితే సర్వర్ కంపెనోళ్లు బంద్ జేస్తరు. మనది ఇరవై రోజులకే దాటింది. ముందుగాల ఎవడన్న లోపల జొర్రిండేమో అనుకున్న. నీ పాస్‌వర్డ్ హాలు బోర్డు మీదున్న ఫోన్ నంబరే గద!”

“యాదికుంటదని పెట్టిన.”

“ఊరందరికీ యాదికుంటది. మార్చేసిన, పో. కానీ లోపలికి ఎవడూ రాలే. బయటి నుంచే చూస్తుండు. నువ్వు ఫోటోలు కెమెరాలకెల్లి తీసి సీదా ఎక్కించినవ్. ఒక్కోటి ఆరు ఎంబీ. చిన్నగ జెయ్యమంటే ఇన్నవా?”

“చిన్నగ జేస్తే స్టేజీ మీద పూలు కనవడయ్.”

“పూలు సరే. వాడు చూసేది ఒక్కటే ఫోటో. రోజూ పదకొండింటికి, ఒక్క చోటి నుంచే.”

జనార్ధన్ అలవాటుగా లెక్క కట్టాడు. ఐదు వేల ఎంబీలను ఆరుతో భాగించి, ఇరవై రోజులకు పంచాడు.

“రోజుకు నలభై సార్లా! ఏ ఫోటో?”

శేఖర్ ఆ ఫోటో తెరిచాడు. తృప్తి. మే నెలలో ఆ హాల్లోనే జరిగిన జనార్ధన్ కూతురి పెళ్లి. డబ్బిచ్చి మోడల్‌ను తెచ్చుకోవడం దండగని, కూతురి పెళ్లి ఫోటోనే సైటులో పెట్టాడు. అప్పుడది లాభంగానే కనిపించింది.

“ఇంకోటుందన్నా. ఫోటో కింద చూసినోళ్లు రాసేటివి. మనం సరేనంటేనే బయటికి కనవడతయ్. నువ్వెన్నడూ తెరువలే.”

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఒకదాని కింద ఒకటి. ‘ఈ పిల్ల ఇల్లు ఎక్కడ?’ ‘ఈ పిల్ల ఏ ఊర్ల ఉంటది?’ ‘ఎవరన్న జెప్పుండ్రి.’ అన్నిటికంటే చివర, ‘జెప్పకుంటే నేనే ఎతుక్కుంట.’

“రాసుడు, జవాబొచ్చిందా అని మళ్ల తెరుసుడు. తెరిచినప్పుడల్లా ఆరు ఎంబీ,” అన్నాడు శేఖర్.

జనార్ధన్ ఆ మాట వినలేదు. అప్పటికే శామీర్‌పేటలో ఉన్న కూతురికి ఫోన్ కలిపాడు.

“బిడ్డా, యాడున్నవ్?”

“ఇంట్లనే నాయినా. ఏమైంది, గొంతు గట్లున్నది?”

“ఏం లేదు. తలుపు గొళ్లెం పెట్టుకో. ఎవలొచ్చినా తియ్యకు.”

“కూరగాయలామె వచ్చినా?”

“ఎవలొచ్చినా అంటుంటే! ఫోను అల్లునికియ్యి.”

అభిలాష్ అంతా విన్నాడు. “ఫోటో తీసేయిండ్రి మామా. పిచ్చోళ్లతోని మనకెందుకు లొల్లి?” అన్నాడు.

అల్లుడిది మెత్తని స్వభావం. వచ్చిన ఆరు సంబంధాలనూ పక్కపక్కన పెట్టి తూచి, ఆ మెత్తదనం చూసే జనార్ధన్ అతన్ని ఏరుకున్నాడు. కానీ ఇది మెత్తగా తేలే వ్యవహారం కాదు.

“ఫోటో తియ్యకు,” అన్నాడు శేఖర్‌తో. “తీస్తే వాడు జారిపోతడు. చిన్నగ జేసి, ఇంకిన్ని పైసలు కట్టి సైటు చాలు చెయ్. మళ్ల వస్తడు.”

మర్నాడు పదకొండింటికి ఆ ఫోటో మళ్లీ తెరుచుకుంది. ఆ కనెక్షన్ గాజులరామారంలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌దని, నెట్ కంపెనీలో పనిచేసే మిత్రుణ్ణి అడిగి శేఖర్ కనుక్కున్నాడు.

ఆ తర్వాతి రోజు ఇద్దరూ కారులో బయలుదేరారు. దారి పొడుగునా జనార్ధన్‌కు పేపర్లో చదివిన యాసిడ్ దాడులే గుర్తుకొచ్చాయి. కాలేజీ రోజుల్లో తృప్తి వెనకాల బండి మీద తిరిగినవాడొకడు ఉండేవాడు. నలుగురిలో తనే వాణ్ణి చెంపదెబ్బ కొట్టాడు. వాడు అది మరిచిపోయి ఉంటాడా? ఫోటో పెట్టి మిగుల్చుకున్నదెంత, ఇప్పుడు పోబోయేదెంత? జీవితంలో మొదటిసారి లెక్క తెమల్లేదు.

సెంటర్ యజమాని బుల్లిబాబు వీళ్ల వాలకం చూసి లేచి నిలబడ్డాడు. “ఏంటండీ, పోలీసులా?”

“కాదు. రోజూ పదకొండుకు వచ్చేటోడు ఎవడు?”

“మూడో నంబరాండీ? అరగంట కూర్చుంటారు, ఎవరితోనూ మాట్లాడరు. ఇప్పుడే వచ్చారు. గొడవలేం వద్దండి బాబూ, లోన్ మీద కొన్న మెషిన్లు!”

జనార్ధన్ మూడో నంబరు కంప్యూటర్ చుట్టూ ఉన్న చెక్క అడ్డు దగ్గరికి నడిచాడు. శేఖర్ ఒక్క ఊపున కర్టెన్ లాగాడు.

పాతికేళ్ల ఆడమనిషి. వెలిసిన నూలు చీర, ఒడిలో ఏడాదిన్నర పాప. ఎదురుగా తెర మీద తృప్తి పెళ్లి ఫోటో.

జనార్ధన్ మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. శేఖర్‌కు నవ్వొచ్చింది. “నగల డిజైన్ చూస్తున్నవా అక్కా? నువ్వు మా అన్న పానం తీసినవ్ పో!”

ఆమె బెదిరి పాపను దగ్గరికి పొదువుకుంది.

“భయపడకమ్మా,” అన్నాడు జనార్ధన్. ఇప్పుడు గొంతులో దయ కూడా వచ్చింది. “గా పిల్ల నీకు తెలుసా?”

“తెల్వదన్నా. మీకెరికనా? యాడుంటదో జెప్పుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

“ఆ పిల్లతోని నీకేం పని?”

“ఆమెతోని నాకేం పని లేదు.”

ఒడిలోని పాప ముందుకు వంగి, తెర మీది పెళ్లికొడుకు ముఖానికి చెయ్యి ఆనించి, “నాయిన” అంది.