అయిదు వీశెల గుండు

చెయ్యి జారి అయిదు వీశెల గుండు గచ్చు మీద బోర్లా పడింది. ఎత్తబోయిన వీరాస్వామికి దాని అడుగున కొత్తగా పోసిన సీసం తళతళా కనిపించింది. గుండు పట్టుకుని తిన్నగా యజమాని బల్ల దగ్గరికి నడిచాడు.

"దీంట్లో సీసం దండిగా పోశారండీ. అయిదు వీశెలని మనం పుచ్చుకునే చేప అయిదున్నర పైమాటే."

ఏలూరు కాలవ రేవులో కొల్లేటి చేపలు కొనే ప్రసాదరావు తల ఎత్తలేదు. తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు.

"మీకు జీతం ఎంతిస్తున్నానండీ?"

"అరవై."

"రేవులో మిగతా కాటాదార్లకి?"

"ముప్ఫై అండీ."

"మరింకేం. వెళ్ళి కాటా చూడండి, పడవలొచ్చేశాయి."

నోరు మూసుకుని ఉండటానికే ఆ రెట్టింపు జీతమని వీరాస్వామికి అప్పుడు తలకెక్కింది. అయినా వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? అదే రేవులో సొంత కొట్టు పెట్టి, మునిగి, ఐ.పి. పెట్టిన మనిషి అతను. పడవతో సహా కోర్టు రిసీవరు పట్టుకుపోయాక, పిలిచి పని ఇచ్చినవాడు ప్రసాదరావు ఒక్కడే. మొదటి జీతం చేతిలో పడ్డ నాడు భార్య వరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది, సంతోషం పట్టలేక.

కాటా ముందు పైడమ్మ కొరమేను గంప దించింది. రాత్రల్లా నీళ్ళల్లో నానిన ఆమె కాళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కొత్త పడవకని దాచుకున్న డబ్బు వీరాస్వామి దగ్గరే పెట్టి పోగొట్టుకుంది ఆమె. గొడవేం చెయ్యలేదు. తమ్ముడూ అని పిలవడం మాత్రం మానేసింది.

"లాభం," అంటూ వీరాస్వామి మొదటి తూకం వేశాడు. తూకాల్లో ఒకటి అనకూడదు, లాభం అనే మొదలుపెట్టాలి. "రెండు... మూడు..."

తూకానికో అరవీశె పైడమ్మది పోతోంది. అతని కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. గుండు దించుతాడు, ఎత్తుతాడు, యజమాని బల్లకేసి చూస్తాడు, కండువాతో మొహం తుడుచుకుంటాడు. మూడు తరవాత మళ్ళీ మూడే అన్నాడు.

"ఏంటి షావుకారు గారూ, మరిచిపోయారా? ఇచ్చిపుచ్చుకోడాల్లో మరుపు మీకు మామూలేగా," అంది పైడమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

వీరాస్వామి ఇక ఆగలేకపోయాడు. గుండు తిప్పి ఆమె ముందు పెట్టాడు.

"పైడమ్మక్కా, ఇది దొంగ గుండు. చూడు, సీసం పోశారు. తూకానికి అరవీశె పోతుంది నీకు."

పైడమ్మ వంగి గుండు చూసింది, అతని మొహం చూసింది.

"సీసం లేని గుండు ఎక్కడుంది? తూకం సరిచెయ్యడానికి అందరూ పోస్తారు. నీ కొట్లో గుండ్లకి లేదా?"

"అది వేరక్కా. ఇది ఎక్కువ పోశారు. నా మాట నమ్ము."

"నమ్మాను, ఒకసారి. చాల్లే," అంది పైడమ్మ. "నీ కొట్టు ముంచుకున్నావు. పిలిచి అన్నం పెట్టినాయన కొట్టు కూడా ముంచాలనా?"

"ఎందుకు ముంచడు? ఆయన బాగుంటే ఓర్చుకోలేడు," అన్నాడు ఇంకో పడవ మనిషి పైడిరాజు. పక్క కొట్టు ముందు దించిన తన గంపలు మోసుకొచ్చి ప్రసాదరావు కాటా పక్కన పెట్టాడు. అతని వెనక మరో రెండు పడవల వాళ్ళు కూడా వచ్చారు.

ప్రసాదరావు కిళ్ళీ నములుతూ కూర్చునే ఉన్నాడు. మిగతా తూకాలన్నీ వీరాస్వామి ఆ గుండుతోనే వేశాడు. చెప్పవలసింది చెప్పాడు గనక గుండెలో ముల్లు తీసినట్టే ఉంది. ఇంటికెళ్ళి వరమ్మకి ఏం చెప్పాలో మాత్రం తోచడం లేదు. చేపలు ఐసులో సర్దుకుని కలకత్తా రైలుకి బండ్లు కదిలాక కండువా దులుపుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"రేపట్నుంచి నేను రానక్కర్లేదు కదండీ?"

"భలేవారే," అన్నాడు ప్రసాదరావు, మరో కిళ్ళీ చుట్టి అతని చేతికిస్తూ. "దొంగ గుండని మీ నోట వచ్చాకే గదండీ వాళ్ళు దాన్ని నమ్మింది, జీతం ఎనభై చేశాను, రేపు పడవలు రాగానే ఆ మాట ఇంకాస్త గట్టిగా చెప్పండి."