అవ్వ గ్లాసు ఖాళీ కావాలి

పొద్దున్నే వంటింటి యంత్రానికి వేలు చూపించాలి, అది రక్తం పరీక్షించి తీసిచ్చిన రసం తాగాలి, ఖాళీ గ్లాసు మళ్లీ దానికే చూపించాలి. ఇంట్లో అందరూ తాగితేనే వీధి తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ఇంతే.

ఆ రోజు మా అవ్వ ఓబులమ్మ కాకరకాయ రసం ముట్టలేదు. ఇంకోసారి ఆలస్యమైతే నా ఉద్యోగం పోతుంది.

"తాగవ్వా, నీ మంచికే."

"నా మంచి దానికేం తెలుసు మ్మే? ఒక్క చీనీకాయ నా చేతికియ్యి, నేనే పిండుకుంటా."

"బత్తాయిలన్నీ దాని లోపలే ఉన్నాయవ్వా. మనం తెరిస్తే తెరుచుకోదు."

"నన్ను గూడా అట్లనే మూసిపెట్టినారు గదా."

అవ్వ నా ముఖం చూసి గ్లాసెత్తి గటగటా తాగేసింది. తలుపు తెరుచుకుంది. నా వెనకే అవ్వ గడప దాకా వచ్చింది. ఆమెకు షుగర్ ఎక్కువుందని, ఈ రోజు కూడా బయటికి వీల్లేదని యంత్రం చెప్పింది.

"నువ్వు పో మ్మే, బస్సు పోతాది."

వెళ్లాను. నా వెనక తలుపు మూసుకుంది.

అనంతపురం బస్టాండులో చేత్తో చీనీ రసం పిండి అమ్మి నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆమే. అక్కడ మీరెప్పుడైనా ఆ రసం తాగి ఉంటే, ఓబులమ్మను ఒకసారి తలచుకోండి.