కుడి దిక్కు బొత్తాం

"ఏమ్మా, ఈ వీడియోలో ఉన్నది నువ్వేనా?"

లోహిత్ ల్యాప్‌టాప్‌ను అటు తిప్పాడు. సాయమ్మ వంగి చూసింది.

"నేనే సార్. గా బకెట్ సుత నాదే."

కోకాపేటలోని ఆ ఆఫీసుకు అడ్మిన్ మేనేజరుగా లోహిత్ వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. మూడో అంతస్తులోని సర్వర్ గదిలో పోయిన వారమే కెమెరా పెట్టించాడు. కెమెరాకు దొంగలెవరూ దొరకలేదు గానీ హౌస్‌కీపింగ్ సాయమ్మ దొరికింది.

రోజూ పొద్దున ఏడింటికి గది తుడుస్తుంది. తడి చేతులు కోటుకు అద్దుకుంటుంది. మూలనున్న పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మౌస్‌ను ఒక్కసారి నొక్కుతుంది. బకెట్ ఎత్తుకుని వెళ్లిపోతుంది.

ఆ కంప్యూటరంటే ఆఫీసులో అందరికీ నవ్వులాట. దాని తెర మీద పచ్చటి గుట్ట, నీలి ఆకాశం, తెల్ల మబ్బులు. ఒకప్పుడు ప్రతి ఇంటర్నెట్ సెంటర్లో, ప్రతి కాలేజీ ల్యాబులో కనిపించిన గుట్టే. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత ఎన్నో వచ్చాయి, పోయాయి. తయారుచేసినవాళ్లే దాని మంచిచెడ్డలు చూడటం మానేసి పదేళ్లు దాటింది. ఇక్కడ మాత్రం అది ఇంకా డ్యూటీలోనే ఉంది. పదకొండు అంతస్తుల తలుపులూ, నాలుగు వేల మంది కార్డులూ దాని చేతిలోనే ఉన్నాయి.

"ఆ మౌస్ ఎందుకు పట్టుకున్నావ్?"

"అది రోజు అడుగుతది సార్, బంద్ అయ్యి మళ్ల చాలు కావాల్నా అని. తెర మీద కుడి దిక్కు బొత్తాం నొక్కుత. 'తర్వాత' అని చెప్పినట్టంట. ఇగ ఊకుంటది."

"నీకు ఇంగ్లీష్ చదవడం వచ్చా?"

"రాదు సార్."

"రాకుండానే నొక్కేస్తున్నావా?"

"విశ్వేశ్వరరావు సారు చూపెట్టిండు. ఎడమ దిక్కుది ముట్టద్దన్నడు. మూడేండ్లాయె."

"నాకంటే ముందు మేనేజర్ ఆయన, రిటైరై వెళ్లిపోయారు. ఇక్కడ సెక్యూరిటీ రూల్స్ అని ఉంటాయమ్మా. కంప్యూటర్ ముట్టుకోవడం నీ పని కాదు. రేపట్నుంచి రావొద్దు."

సాయమ్మ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"తీసేస్తే తీసేయిండ్రి సార్. రేపు పొద్దుగాల ఎవలో ఒకలు ఆ బొత్తాం..."

"అదంతా మేం చూసుకుంటాం."

చూసుకునే ఆ 'మేం' ఎవరో లోహిత్‌కే తెలియదు. సాయంత్రానికి ఆమె కార్డు రద్దయింది. రద్దు చేసింది ఆ పాత కంప్యూటరే. పాపం, దానికేం తెలుసు!

మర్నాడు ఏడింటికి సాయమ్మ మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. హౌస్‌కీపింగ్ ఏజెన్సీ వాళ్లు ఆమెను తెల్లాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు పంపారు. అక్కడికి పోవాల్సిన మనిషి రెండు ఆటోలు మారి ఇటు వచ్చింది.

"ఓదెలన్నా, ఒక్క నిమిషం పైకి పోయొస్త."

మెడలోని కార్డు తలుపుకు ఆనించింది. ఎర్ర లైటు వెలిగింది.

"నీది బంద్ చేసిన్రు అక్కా," అన్నాడు గార్డు ఓదెలు.

"జర లోహిత్ సారుకు ఫోన్ చెయ్యే."

ఓదెలు చేశాడు. లోహిత్ నిద్రమత్తులోనే "లోపలికి పంపొద్దు" అని పెట్టేశాడు.

సాయమ్మ ఏడున్నర దాకా నిలబడింది. "ఇగ అది మనకోసం ఆగదన్నా" అని వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి లాబీ నిండిపోయి జనం రోడ్డు మీదికి వచ్చారు. ఎవరి కార్డుకూ తలుపు తెరుచుకోలేదు. లోహిత్ వెనక మెట్ల తాళం తీయించుకుని పైకి పరుగెత్తాడు. సర్వర్ గదిలో గుట్టా లేదు, ఆకాశమూ లేదు. నల్లటి తెర మీద రెండు వరుసల తెల్ల అక్షరాలు. కంప్యూటర్ తనంతట తనే ఆగి, మళ్లీ లేవలేకపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఏడుగురు ఇంజనీర్లు దాని చుట్టూ చేరారు. మధ్యాహ్నానికి తేల్చారు: డిస్క్ పోయింది. దాంతోపాటు నాలుగు వేల పేర్ల జాబితా కూడా పోయింది. కాపీ ఎవరూ తీసిపెట్టలేదు.

లోహిత్ హఫీజ్‌పేట్‌లో ఉన్న విశ్వేశ్వరరావుకు ఫోన్ చేశాడు.

"ఆగిపోయిందా?" అన్నాడు పెద్దాయన. "దాని డిస్క్‌లో స్టార్టయ్యే చోటే పాడైందండి. నడిచినన్నాళ్లూ నడుస్తుంది, ఆగితే మళ్లీ లేవదు. ఆఖరి అప్‌డేట్ ఒకటి సగంలో ఇరుక్కుని రోజూ రీస్టార్ట్ చేయమంటుంది. ఒక్కరోజు జవాబు చెప్పకపోతే తనే ఆగిపోతుంది. కొత్తది కొనండి మహాప్రభో అని ఉన్నన్నాళ్లూ రాశాను, ఎవరూ కొనలేదు. అందుకే ఇన్‌చార్జిని పెట్టి మరీ వచ్చాను. ఇవాళ సెలవా?"

"ఇన్‌చార్జి అంటూ ఎవరూ లేరండి ఇక్కడ."

"అదేంటండీ! నేను మీకు బాధ్యతలు అప్పగించిన హ్యాండోవర్ ఫైలు చివరి పేజీ చూడండి. మీరు సంతకం కూడా పెట్టారు కదా."

లోహిత్‌కు తల తీసేసినట్టయింది. చేరిన రోజున నలభై పేజీల ఫైలు ముందు పెడితే, పసుపు చీటీ అంటించిన చోటల్లా సంతకం గీకుతూ పోయాడు. ఈ కోకాపేటలో హ్యాండోవర్ ఫైలు చదివిన మగాడెవడు?

ఇప్పుడు బీరువా వెతికి ఫైలు తీశాడు. చివరి పేజీ తిప్పాడు.

'ఇంజనీర్లు ఏడాదికొకరు మారుతున్నారు. రోజూ ఒకే వేళకు ఆ గదికి వచ్చే మనిషి ఈ ఆఫీసులో ఒక్కరే. దీనికోసం వారం సెలవు కూడా మానుకున్నారు. ఈ మనిషిని మార్చేముందు దయచేసి కంప్యూటర్‌ను మార్చండి' అని ఉంది.

అడుగున, చదివి అంగీకరించినట్టు లోహిత్ సంతకం.

దానికి సరిగ్గా పైన, సిస్టమ్ ఇన్‌చార్జి అన్నచోట, వంకరటింకర తెలుగు అక్షరాల్లో 'సాయమ్మ' అని ఉంది.