మొదటి జత

టైలరమ్మ ఆ ఎర్ర హెల్మెట్‌ని చూడగానే మనసు పారేసుకుంది.

"బావా, అచ్చం మన కారు రంగే!" అంది, దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని.

"రంగు సరే, తల పడుతుందో లేదో చూడు మరదలా. నీ పొగరంతా అందులో ఇమడాలి కదా," అన్నాడు బావ.

వాళ్ళిద్దరూ కారు పందేనికి కావలసిన సామాను కొనడానికి వచ్చారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చలైటు వెలగ్గానే తిన్నగా ఒక్క పరుగు తీసే పందెం అది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ ఒక్క పరుగు కోసమే టైలరమ్మ పగలంతా కుట్టుమిషను తొక్కి, సాయంత్రాలు బావ మెకానిక్ షెడ్డులో ఓ పాత కారుతో కుస్తీ పట్టింది.

నిప్పుకి తట్టుకునే కోటు దొరికింది. కుట్లన్నీ లాగి చూసి గానీ ఆమె ఒప్పుకోలేదు. చేతి తొడుగులు, మెడపట్టీ కూడా కుదిరాయి. ఇక మిగిలింది హెల్మెట్ ఒక్కటే.

"అది మోటారుసైకిల్ వాళ్ళదమ్మా," అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూస్తే ఓ పెద్దాయన. తల పూర్తిగా నెరిసిపోయింది. చేతిలో బూడిదరంగు హెల్మెట్ ఉంది. చూడ్డానికి బోర్లించిన కుండలా ఉంది.

"కారు నడిపేవాళ్ళకి వేరే ఉంటుంది. లోపలి గుడ్డ మంటకి ఆగాలి. నువ్వు పట్టుకున్న దాంట్లో గుడ్డ అంటుకుంటుంది. ఈ కొట్టులో కారుది ఇదొక్కటే మిగిలింది, కావాలంటే నువ్వు తీసుకో."

గుడ్డ మాట ఎత్తేసరికి టైలరమ్మకి ఒళ్ళు మండింది.

"గుడ్డ గురించి నాకే చెప్తున్నారా? బుద్ధెరిగినప్పట్నుంచీ గుడ్డలతోనే బతుకుతున్నా. ఇదెంత మెత్తగా ఉందో ముట్టుకుని చూడండి."

"మెత్తదనం కాదమ్మా..."

"మీరు ఈ కొట్టు మనిషా?"

"కాదు. నేనూ కొనుక్కోడానికే వచ్చాను."

"అయితే మీది మీరు కొనుక్కోండి."

పెద్దాయన నొచ్చుకోలేదు. సరేనన్నట్టు తలూపి, ఆ బూడిదరంగుది తనే కొనుక్కుని వెళ్ళిపోయాడు.

"కొట్టువాడి మనిషే అయ్యుంటాడు. ఎవరూ ముట్టని సరుకు మనకి అంటగడదామని చూశాడు," అంది టైలరమ్మ. బావ అవునంటే అవునన్నాడు. మరదలితో వాదించి గెలిచిన చరిత్ర అతనికి లేదు.

పందెం రోజు రానే వచ్చింది. ఒకప్పుడు విమానాలు దిగిన మైదానమది. అక్కడ అదే ఆఖరి పందెం. మర్నాటినుంచి గోదాములు కట్టడం మొదలుపెడతారు. చుట్టుపక్కల అలాంటి జాగా ఇంకొకటి లేదు. ఆ రోజు పరుగు తీయని కారు ఇక ఎప్పటికీ తీయదన్నమాటే.

టైలరమ్మది మొదటి జత. పోటీగా పరిగెత్తేది ఓ తెల్లకారని బోర్డు మీద రాశారు.

"దాన్ని గెలిచినవాళ్ళు ఈ మైదానంలోనే లేరట," అని బావ ఆరా తీసి వచ్చి చెప్పాడు.

"ఇవాళ్టినుంచి ఉంటారు," అంది. అనడమైతే అంది గానీ, చక్రాల బోల్టులన్నీ మళ్ళీ ఓసారి బిగించి చూసుకుంది.

పందెం మొదలయ్యే గీత మీదికి పంపే ముందు తనిఖీ ఉంటుంది. తనిఖీ చేసే ఆయన కోటు చూసి బాగుందన్నాడు. మెడపట్టీ బాగుందన్నాడు. ఎర్ర హెల్మెట్ తిరగేసి లోపలికి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇది బైకుది. కుదరదు."

"ఈ ఒక్కసారికీ పోనివ్వండి సార్!"

"మంట ఒక్కసారి వచ్చినా చాలమ్మా. పిలిచేలోగా వేరేది తెచ్చుకో. పిలిచినప్పుడు గీత మీద లేకపోతే పందెంలో లేనట్టే."

 బావ కారు కారుకీ పరిగెత్తి బతిమాలాడు. ఒక్కరూ ఇవ్వలేదు. తమ పరుగు కాకముందు హెల్మెట్ ఇంకొకరి తలకెక్కితే అదృష్టం కూడా వాళ్ళతోనే పోతుందని పందెంవాళ్ళ నమ్మకం. పరుగు అయిపోయినవాళ్ళని అడుగుదామంటే, మొదటి జతే తనదాయె.

ఆమె కారు పక్కనే కూలబడి ఏడ్చేసింది.

"ఇది పెట్టుకో తల్లీ."

తలెత్తి చూసింది. కొట్టులో కనిపించిన పెద్దాయన, బూడిదరంగు హెల్మెట్ చాపి నిలబడ్డాడు.

ఆమె సిగ్గుపడుతూ లేచి కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నేను..."

"అవన్నీ తర్వాత. గడ్డం కింద పట్టీ బిగించు. ఏదీ, తల ఊపు. కదులుతోందా?"

"లేదండీ. మరి మీరో?"

"నేను ఈ దారిమీద చాలా తిరిగాన్లే. ముందు నువ్వెళ్ళు."

"ఆయన వంతు వచ్చేలోగా తిరిగిచ్చేద్దాం, పద పద!" అన్నాడు బావ, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

మైకులో పిలిచారు. ఎర్రకారు గీత మీదికి వచ్చి నిలబడింది. పక్క గీత ఖాళీగా ఉంది. తెల్లకారుని మళ్ళీ పిలిచారు. ఇంకోసారి పిలిచారు. రాలేదు. ఎర్రకారు ఒంటరిగా పరిగెత్తవచ్చని, గెలుపు దానిదేనని చెప్పారు.

పచ్చలైటు వెలిగింది.

వీపు సీటుకి అతుక్కుపోయింది, మైదానం వెనక్కి దూసుకుపోయింది, దారి అయిపోయింది. హెల్మెట్ లోపల టైలరమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. పుట్టి ఇన్నేళ్ళకి అంత సంతోషం ఆమె ఎరగదు.

బావ గంతులేస్తూ ఎదురొచ్చాడు. "చూశావా! నీ దెబ్బకి తెల్లకారువాడు తోక ముడిచాడు!"

"ముడవడూ మరి!" అంటూ పడీపడీ నవ్వింది.

నవ్వుతూనే హెల్మెట్ శుభ్రంగా తుడిచి, పెద్దాయన వంతు ఎక్కడ దాటిపోతుందోనని పరుగున బయల్దేరింది. వరసలో నిలబడ్డ కార్లలో ఆయన లేడు. తనిఖీ దగ్గరా లేడు.

మైదానం చివర, ఆ రోజు ఇంజనే వేడెక్కని తెల్లకారుని లారీమీదికి ఎక్కించి, తాళ్ళు బిగించుకుంటూ కనిపించాడు.