పన్నెండో వంతెన

"అమ్మాయ్, పడవెక్కవే! అవతల చర్చిలో పాస్టరుగారు గంట నుంచి కూర్చున్నారు" అంటూ సంపూర్ణమ్మ కూతుర్ని తొందరపెట్టింది.

పెళ్లిచీర కట్టుకున్న మార్త ఒడ్డు మీది నుంచి కదల్లేదు. వరదకు మైలవరం దారిలో వాగు మీది వంతెన కొట్టుకుపోతే, మిలిట్రీ ఇంజనీర్లు వచ్చి ఇనుప వంతెన వేస్తున్నారు. వాళ్లలో పెళ్లికొడుకు సొలొమోను కూడా ఉన్నాడు. పెళ్లివేళ దాటిపోతున్నా అతను అవతలి ఒడ్డున సుత్తి దించలేదు.

"ఇవాళైనా సెలవివ్వలేదా వాళ్లు?"

"ఇచ్చారట. అల్లుడే వద్దన్నాడట."

మార్తకు ఒళ్లు మండింది.

"ఏమండీ! మీరు పెళ్లి చేసుకుంటారా, వంతెన కట్టుకుంటారా?" అని సిగ్గు విడిచి అరిచింది.

జవాన్లందరూ గొల్లున నవ్వారు. సొలొమోను ముఖం ఎర్రబడింది.

"ఇంకా నాలుగు చెక్కలే, మార్తా! పడవ మాత్రం ఎక్కకు. ప్రధానం నాడు పడవలో నువ్వు కళ్లు మూసుకుని వణికిపోవడం చూశాను."

ఆ భయం సంగతి మార్త ఎవరికీ చెప్పుకోలేదు.

చివరి చెక్క బిగించగానే ఇవతలి ఒడ్డున ఉన్న సుబేదారు రత్తయ్య ఆమె ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"మొన్న బంగ్లాదేశ్ యుద్ధంలో మా కంపెనీ పదకొండు వంతెనలు వేసిందమ్మా. అన్నిటి మీదా ముందు ట్యాంకులే వెళ్లాయి. ఈ పన్నెండోదాని మీద ముందు మీరు నడవాలి."

మార్త నడవలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తింది. చెక్కలు దడదడలాడాయి, జవాన్లు ఈలలు వేశారు, వెనక నుంచి తల్లి "మెల్లగా వెళ్లవే, పడతావే!" అని కేకలు పెట్టింది.

"ఆగాగు, చేతులకి గ్రీజుంది, చీర పాడవుతుంది" అంటూ సొలొమోను వెనక్కి జరిగాడు.

"పాడవనీండి" అని మార్త ఆ రెండు చేతులూ పట్టుకుని, అతన్ని చర్చి వైపు లాక్కుపోయింది.